పక్కసీటు

యాత్రల గురించి రాసేవాళ్ళు నేను చూసినంతలో రెండు రకాలు. కొండను చూసి రాసేవాడొకడు, కొండెక్కలేక ఆయాసపడుతున్న మనిషిని చూసి రాసేవాడొకడు. మొదటివాడి పుస్తకం అట్ట నలగకుండా లైబ్రరీలో నిద్రపోతుంది. రెండోవాడిది చేతులు మారి మారి, కుట్లు ఊడి, మధ్యలో ఎవరిదో బస్సు టిక్కెట్టు పెట్టుకుని ఊరంతా తిరుగుతుంది. ఎడారులు దాటినవాళ్ళవీ, మంచుకొండలు దాటినవాళ్ళవీ, పాతకాలపు యాత్రాగ్రంథాలు గోనెసంచుల కొద్దీ చదివాను. ఏది తెరిచినా అందులో సామాను మోసేవాడో, వంటవాడో ఒకడుంటాడు. వాడు గాడిద మీంచి పడతాడు. అద్దంలో తన మొహాన్ని చూసి జడుసుకుంటాడు. పుస్తకం మూశాక ఎడారి ఎలా ఉందో మనకు గుర్తుండదు, వాడు పడిన పాటు గుర్తుంటుంది. ఆ వంటవాడు రాసిన పుస్తకం మాత్రం ఇంతవరకు నా కంటపడలేదు.

నేను చెప్పబోయేది అలాంటి ఒకావిడ సంగతి. వృత్తికి టైలరు. వీధిలో అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. కాలు ఒకచోట నిలవని నాబోటివాడికి కూడా పెట్టెలు పెట్టుకోవడానికి ఒక గది కావాలి కదా. వాళ్ళ ఇంటి మేడమీది గది అలా తీసుకున్నాను. కింద ముందుగదిలో వీధివైపు మొహం పెట్టి ఆవిడ మిషను ఉండేది. గోడకు ఆనించిన బల్ల, మేకుకు వేలాడే టేపు, కిటికీ కమ్మీలకు గుచ్చిన సూదులు. స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి దిండుగలీబులు, హోటళ్ళ వాళ్ళు ఆర్డరిచ్చే గుడ్డలు కుట్టేది. వీధి చివర బస్‌స్టాండు. ఊళ్ళకు పోయేవాళ్ళు తెగిన బ్యాగులు, పాడైన జిప్పులు పట్టుకుని ఆవిడ దగ్గర ఆగేవాళ్ళు. ఎక్కడికి, ఎన్నాళ్ళకు, అక్కడేముంది అని అడక్కుండా ఆవిడ ఒక్క జిప్పు కూడా వేసి ఇవ్వలేదు. తనకు మాత్రం ఆ వీధి దాటే పని పడలేదు. తల్లీదండ్రీ పోయాక తమ్ముడు చేతికి మిగిలాడు. వాణ్ణి చదివించేసరికి తన పెళ్ళి సంగతి ఎత్తేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

ఆ తమ్ముడు బస్సు కంపెనీలో బుకింగ్ గుమాస్తా. అద్దానికి చేసిన కన్నం వెనక కూర్చుని, తల ఎత్తకుండా "కిటికీ సీటా, నడవ సీటా" అని రోజంతా అడగడం అతని ఉద్యోగం. యాత్రారచయిత కావాలన్నది అతని కోరిక. ఉద్యోగితో పాటు ఇంటిమనిషి ఒకరు ఎక్కడికైనా ఊరికే వెళ్ళొచ్చే పాసు కంపెనీ ఇచ్చేది. ఇద్దరికే, మూడోవారికి లేదు. ఈ కథకు ప్రాణం ఆ పాసే.

అతను మొదట ఒంటరిగా తిరిగాడు. తిరిగొచ్చి రాసింది ఒక వారపత్రిక ఎడిటర్ దగ్గరకు పట్టుకెళ్ళేవాడు. ఆ ఎడిటర్ నాకు కాస్త పరిచయం. నోటిదురుసు మనిషే కానీ ఏది చదివిస్తుందో, ఏది చదివించదో ఆయనకు బాగా తెలుసు. "నీ సూర్యుడు పోయిన వారమూ ఉదయించాడు గదయ్యా" అని కాగితాలు వెనక్కి తోసేవాడట.

అప్పుడొకసారి అక్క అడిగింది, సముద్రం ఎలా ఉంటుందో చూపించరా అని. తీసుకెళ్ళాడు. లాడ్జిలో దిగారు. రెండోరోజు పొద్దున్నే ఆవిడ లేచి, గదిలో దుప్పట్లు, దిండుగలీబులు అన్నీ ఉతికి, సముద్రం వైపు వరండా పొడుగునా ఆరేసి, గది ఊడ్చి, తలుపు దగ్గర నిలబడింది, అప్పజెప్పి వెళ్దామని. ఒకరింట్లో పడుకున్నప్పుడు చేసే మర్యాద లాడ్జిలోనూ చెయ్యాలనుకుంది. పనివాళ్ళు నలుగురూ పోగై కడుపు పట్టుకుని నవ్వారు. దేనికో సంతోషంగా ఉన్నారనుకుని ఆవిడా నవ్వింది. తమ్ముడు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ముందే చూశాడు, ఆపొచ్చు. ఆపలేదు.

ఆ వారం అతను సముద్రం గురించి రాయలేదు. 'నా పక్కసీటు' అని పేరు పెట్టి ఆ దుప్పట్ల గురించి రాశాడు. ఎడిటర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. "ఇంట్లో ఇంత బంగారం పెట్టుకుని ఇన్నాళ్ళూ ఇసుక అమ్మావేంటయ్యా. ఇకమీదట ఎక్కడికెళ్ళినా ఆవిణ్ణి తీసుకుపో" అన్నాడు.

ఇలా మొదలైంది. నెలకో ఊరు. టైలరమ్మ మొహంలో అప్పుడు వచ్చిన కళ నేను చూశాను. బయల్దేరే రోజు పొద్దున్నే మిషనుకు గుడ్డ కప్పి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, తమ్ముడు స్నానం చేసి వచ్చేదాకా గుమ్మంలో కూర్చునేది. దారినపోయే ప్రతివాళ్ళకూ మా తమ్ముడు తీసుకెళ్తున్నాడు అని చెప్పేది. మ్యూజియంలో మైనపు కాపలావాణ్ణి కాస్త జరగండి బాబూ అని బతిమాలింది. కదిలే మెట్ల ముందు, అవి ఆగితే ఎక్కుదామని బ్యాగు కింద పెట్టుకుని కూర్చుంది. తమ్ముడి పనిపద్ధతల్లా ఒక్కటే, చెప్పకపోవడం. రెండడుగులు వెనక నడిచేవాడు. ఆవిడేమో వాడు వెనక ఉన్నాడన్న ధైర్యంతో ముందు నడిచేది.

పత్రిక ఇంటికి తెచ్చేవాడు కాదు. మీ అక్కకు చూపించవా అని ఒకసారి నేనడిగితే, ఆవిడకు చదివే తీరికెక్కడిది బాబాయిగారూ అన్నాడు.

చివరికి ఆవిడకు తెలిసింది కొలతలకొచ్చిన ఒక టీచరమ్మ వల్ల. చేతులు చాపి నిలబడి, నడుం చుట్టూ టేపు ఉండగా టీచరమ్మ కిసుక్కున నవ్విందట.

"ఏమైందండీ, చక్కిలిగింతా?"

"కాదు టైలరమ్మా, మైనంబొమ్మను జరగమన్నారటగా. మా స్టాఫ్‌రూంలో నవ్వలేక చచ్చాం. ఈసారి ఏం చేశారు? ముందే చెప్పండి, ఎవరికీ చెప్పను."

టైలరమ్మ టేపు తియ్యలేదు. నడుం కొలత రాసుకుంది, భుజం కొలత రాసుకుంది. ఆ పత్రిక ఒకసారి ఇస్తారా అని అడిగింది. టీచరమ్మ కట్టగట్టి దాచినవన్నీ తెచ్చిచ్చింది. రెండు రోజులు మిషను చప్పుడు వినపడలేదు. మూడోనాడు మళ్ళీ వినపడింది. తమ్ముడితో ఒక్క మాట అనలేదు.

తర్వాతి ప్రయాణంలో ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. ఇతరులు ఎటు నడిస్తే అటు నడిచింది, ఏది తాకకపోతే అది తాకలేదు. బస్సులో తిరిగొస్తూ తమ్ముడు మొహం మాడ్చుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ఆ నెల పత్రికలో అతని పేజీ లేదు. మరుసటి నెల సెలవు దొరకలేదన్నాడు. ఆ పైనెల ఒంట్లో బాగాలేదన్నాడు. పాసు సొరుగులోనే ఉంది. టైలరమ్మ వీధి చివర బస్సుల హారన్లు వింటూ కాలరు కుడుతూ కూర్చుంది. ఆ సీటు తనకెందుకు ఇచ్చారో ఆవిడకు అర్థమైంది. అర్థమైన మనిషి లేచి దులుపుకుని పోవాలని పుస్తకాల్లో ఉంటుంది. ఈవిడ తమ్ముడి దగ్గరకు వెళ్ళి, ఈసారి ఆ ఎత్తు గోపురానికి పోదామా, తప్పకుండా ఏదో ఒకటి ఉంటుంది అక్కడ, అని అడిగింది.

అది నది పక్కన కట్టిన నూరడుగుల గోపురం. పైన చుట్టూ రాతి వసారా. పైకెక్కే ముందు తమ్ముడు చెప్పాడట, చెప్పులు తీసెయ్యక్కా, పైకి చెప్పులతో రానివ్వరు అని. ముందు వెళ్ళేవాళ్ళందరి కాళ్ళకూ బూట్లున్నాయి. ఆవిడ చూసింది. తీసేసింది. నడిమధ్యాహ్నం, వేసవి. ఆ రాయి మీద ఆవిడ కాలు మార్చి కాలు ఎగురుతూ చుట్టూ తిరిగి వస్తే, జనం దారిచ్చి నిలబడి నవ్వారు. తమ్ముడు ఆ వారం దానికి 'గోపురం మీద నాట్యం' అని పేరు పెట్టాడు. నాట్యం చేసిన కాళ్ళతో మిషను తొక్కాలి కదా. బొబ్బలు చితికి తొక్కుడుచెక్కకు అంటుకుంటుంటే పాతగుడ్డ చుట్టుకుని తొక్కేది.

నా సంచి పట్టీ తెగితే కిందికి వెళ్ళి ఆ గుడ్డలు చూశాను.

"తెలిసే తీశారా?" అన్నాను.

"తెలిసే తీశాను బాబాయిగారూ. అక్కడినుంచి చూస్తే నది రెండుగా చీలి, మధ్యలో ఒక లంకను వదిలి, మళ్ళీ కలుస్తోంది. మీరు చూశారా ఎప్పుడైనా?" పట్టీ నా చేతిలో పెట్టి, "కాళ్ళదేముంది, మానతాయి" అంది.

అప్పటినుంచి ఆవిడ ఆరితేరింది. పెద్ద పెద్ద రచయితలు ప్రేరణ ఎక్కడినుంచి వస్తుందని సభల్లో అడిగితే తల గోక్కుంటారు. ఈవిడ జిప్పులు వేస్తూ, ఫలానా చోట ఏముంటాయని బస్సెక్కేవాళ్ళను అడిగి, దానికి తగ్గ తెలివితక్కువపని ముందే సిద్ధం చేసుకునేది. బస్సు దిగగానే ఆ పని కానిచ్చేది. అది కాగానే తమ్ముడి దృష్టి తన మీంచి తప్పుకునేది. మిగిలిన పొద్దంతా తనది. గాజుబొమ్మలు ఊదే చోట గంటలకొద్దీ నిలబడి చూసిందట.

ఇలా నాలుగైదేళ్ళు సాగాక తమ్ముడికి పెళ్ళయింది. పెళ్ళికూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. వచ్చినవాళ్ళ చేత గోడమీద అక్షరాలు చదివించి, తప్పు చదివితే పెదవి కొసన నవ్వే పిల్ల. 'పక్కసీటు' చదివి నవ్వీ నవ్వీ ఆ రాసినవాణ్ణే చేసుకుంది. వచ్చిన వారానికే పాసు మీద అక్క పేరు కొట్టేయించి తన పేరు రాయించింది. ఇంటిమనిషి అంటే పెళ్ళాం కాక ఇంకెవరు అని అడిగితే ఎవరు కాదనగలరు?

కొత్తదంపతులు రెండు ఊళ్ళు తిరిగొచ్చారు. మరదలు ఎక్కడా కాలు జారలేదు, నోరు జారలేదు. ఎడిటర్ పేజీ వెనక్కిచ్చాడు. అక్కను పిలుచుకురా అన్నాడు. సరిగ్గా అప్పుడే ఒక పాత రాజభవనాన్ని హోటలుగా మార్చినవాళ్ళనుంచి పిలుపు వచ్చింది, రచయితగారు, వారి పక్కసీటు వచ్చి రెండు రోజులు తమ అతిథులుగా ఉండాలని. అతని బతుకులో అంత పెద్ద అవకాశం అదే. టైలరమ్మ తనకోసం ఒక కొత్త గౌను కుట్టుకుంది. మెడ దగ్గర చిన్న చిన్న మడతలు పెట్టి, నాకు కూడా చూపించింది. మరదలు ఆ గౌనును చూసి, బాగుంది వదినగారూ అని మెచ్చుకుని, "పక్కన కూర్చున్నవాళ్ళే పక్కసీటు. ఆ వచ్చిన పిలుపులో పేరేం లేదుగా" అంది.

తమ్ముడు అక్క మొహమూ, పెళ్ళాం మొహమూ చూసి, బూట్లకు పాలిష్ పెట్టుకోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

బయల్దేరే పొద్దున మరదలు మిషను దగ్గరకు వచ్చింది. పైకి ఎంత గడుసైనా లోపల బెదురుంది. పెద్ద హోటలెప్పుడూ చూడలేదు. మొగుడు తనమీద రాస్తే దుకాణంలో తలెత్తుకోలేనని భయం. "వదినగారూ, అక్కడ ఎలా మసులుకోవాలో మీరే చెప్పాలి. మీరు ఎన్నో చూశారు" అంది, వినయంగానే.

టైలరమ్మ దారం పంటితో తెంపింది.

"స్నానాలగదిలో రెండు తెల్లటి గౌన్లు వేలాడదీసి ఉంటాయమ్మా, తువాలుగుడ్డవి. అవి వచ్చినవాళ్ళకే. వచ్చేటప్పుడు మడిచి బ్యాగులో పెట్టుకో. వదిలేసి వస్తే నచ్చలేదనుకుని చిన్నబుచ్చుకుంటారు."

ఆ హోటలువాళ్ళ గౌన్లు కుట్టింది ఆవిడే. జేబుమీద గుర్తు వేసింది కూడా ఆవిడే. అతిథి గది వదలగానే గౌన్లు చూసుకుంటామని, అందుకే గుర్తు ఊడకుండా కుట్టమని, ఆర్డరిచ్చినవాళ్ళు చెప్పి మరీ ఇచ్చారు.

తర్వాతది నాకు పత్రిక చదివి తెలిసింది, కొంత మరదలు చెప్పగా తెలిసింది. రెండు రోజులూ మహారాణిలా ఉంది. మూడోరోజు పొద్దున గేటు దగ్గర కాపలావాళ్ళు ఆపారు. బ్యాగు తెరవమన్నారు. ఏముందని తెరవాలి అని ఆవిడ గట్టిగానే అంది, చుట్టుపక్కల కార్లలో ఎక్కబోయేవాళ్ళు కూడా ఆగేట్టు. నేలమీద పెట్టి తెరిచారు. తన లోపలి గుడ్డల మధ్యనుంచి గౌన్లు ఒక్కొక్కటి పైకి లాగి దులిపారు. మరదలు మొగుడికోసం చూసింది. పక్కన లేడు. నాలుగడుగులు అవతల, ఎవరో పరాయివాడిలా స్తంభం పక్కన నిలబడి, ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. పెళ్ళాన్ని చూసే చూపు కాదది. ఎరుపు చెవులదాకా పాకిందా, మెడదాకానా అని తేల్చుకుంటున్న చూపు. ఆ వారం రాశాడు కూడా, మెడదాకా అని.

మేనేజరు వచ్చి, రచయితను గుర్తుపట్టి, అబ్బ, కొత్త పక్కసీటా అని పగలబడి నవ్వాడు. గౌన్లు కానుకగా ఇచ్చేశాడు. హోటలు పేరు మాత్రం తప్పకుండా రాయమన్నాడు.

అంత పేరు ఆ పేజీకి ముందెన్నడూ రాలేదు. టైలరమ్మ లెక్క వేరు. ఇంత సిగ్గుపడ్డాక ఆ పిల్ల మళ్ళీ బస్సెక్కదు, సీటు తనకే తిరిగొస్తుంది, అంతే ఆవిడ అనుకున్నది. కొత్త గౌను మడత నలగకుండా బ్యాగులో పెట్టి కూర్చుంది.

ఆ పేజీ అచ్చయి వచ్చిన సాయంత్రం నేను మెట్లు దిగుతున్నాను. మరదలు ఆ తెల్లగౌను తొడుక్కుని మిషను ముందు నిలబడి ఉంది.

"ఇది నువ్వు కుట్టిందేనా వదినా?"

'గారూ' పోయింది. 'మీరూ' పోయింది. టైలరమ్మ అంచు పట్టుకుని తిరగేసి చూసింది.

"నాదే."

"చూసుకుంటారని తెలుసా?"

"తెలుసు."

జుట్లు పట్టుకుంటారనుకుని నేను మెట్టుమీదే ఆగిపోయాను. మరదలు కొలతలకొచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుంది. గౌను బెల్టు బిగించుకుంది.

"ఎడిటర్‌గారు వచ్చేనెలకు ఇంకోటి కావాలన్నారు. ఈసారి అద్దాల తోటకు వెళ్తున్నాం. అక్కడేం చెయ్యాలో చెప్పు."

"నేనెందుకు చెబుతాను?"

"చెప్పకపోతే ఆయనకు రాయడానికేం ఉండదు. పాసు సొరుగులో ఉంటుంది. అప్పుడు ఎవరం వెళ్ళం. వాడి మొహం చూస్తూ ముగ్గురం ఇంట్లో కూర్చుందాం, నాకేం."

కట్టుకున్నవాణ్ణి 'వాడు' అనడం ఆ ఇంట్లో నేను మొదటిసారి విన్నాను. టైలరమ్మ కత్తెర పదును చూసుకుంటూ, ఒక్కసారి నన్ను తీసుకెళ్ళమని చెప్పమ్మా వాడికి, అంది. చాలా చిన్న గొంతుతో. పాసు ఇద్దరికే కదా వదినా, అని మరదలు లేచింది. గుమ్మం దాటేలోపు టైలరమ్మ అద్దాల తోటలో ఏం చెయ్యాలో చెప్పేసింది.

ఆ తర్వాత అదే ఆవిడ పని అయింది. చూడని ఊళ్ళలో చెయ్యాల్సిన తప్పులు ఇంట్లో కూర్చుని కనిపెట్టడం. నిజం చెబుతున్నాను, బతికున్న యాత్రారచయితల్లో అంత ఊహ ఉన్నవాళ్ళను నేను చూడలేదు. పేరు తమ్ముడిది, పడేది మరదలు, పడవేసేది ఈవిడ. టిక్కెట్టు కొనుక్కుని మీరే ఎక్కడికైనా వెళ్ళిరావచ్చు కదా, ఎవరి పాసు దేనికి, అని నేనే ఒకరోజు అన్నాను. ఆ ఆలోచనే రాలేదన్నట్టు చూసింది.

వెళ్ళింది. తమ్ముడి కౌంటరులోనే టిక్కెట్టు కొంది. అద్దం కన్నంలోంచి, తల ఎత్తకుండా, కిటికీ సీటా, నడవ సీటా అని అడిగాడట. కిటికీ అంది. ఇచ్చాడు. గొంతు పోల్చుకోలేదో, పోల్చుకునీ ఊరుకున్నాడో తెలియదు.

వెళ్ళింది ఉప్పుచెరువుకు. వేసవిలో నీళ్ళన్నీ ఇంకిపోయి, కంటికి ఆనినంతమేరా తెల్లటి ఉప్పు పరుచుకుని ఉంటుంది. నేను రెండుసార్లు చూశాను, పట్టపగలు కూడా నీడలు నీలంగా పడతాయి. నాలుగురోజులు ఉండొస్తానని బయల్దేరిన మనిషి మర్నాడే వచ్చేసింది. నేను కిందికి వెళ్ళేసరికి మోకాలికి మందు రాసుకుంటోంది.

"బాగుందా?" అన్నాను.

"తెల్లగా ఉంది." మందు సీసా మూత బిగిస్తూ అంది, "ఎక్కడ పడితే బాగుంటుందో దిగగానే కనపడింది బాబాయిగారూ. పడ్డాను. లేచి చూస్తే ఎవరూ లేరు. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. ఉప్పు మంట. వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కాను."

మిషను మీద మరదలి స్కర్టు ఉంది, బులుగుది. వచ్చేవారం వాళ్ళు ఉప్పుచెరువుకు వెళ్తున్నారట, ఈవిడే పంపిస్తోంది. పడాల్సిన చోటు మరదలికి గుర్తులతో సహా చెప్పిందట. స్కర్టు ప్రక్క కుట్టు విప్పి మళ్ళీ కుడుతోంది. కుట్లు ఒకదానికొకటి బాగా దూరంగా, అంటీ అంటనట్టు వేస్తోంది. ఆవిడ చేతిలో అంత వదులు కుట్టు నేనెప్పుడూ చూడలేదు.

"ఇది ఊడిపోదూ?"

"నిలబడినంతసేపూ ఊడదు. పడితే నడుందాకా పోతుంది. అక్కడ చాటుకు చెట్టు కూడా లేదు."

"ఆ అమ్మాయికి చెప్పారా?"

ఆవిడ గుడ్డ తిప్పి, రెండోపక్క కుట్టు మొదలుపెట్టింది.

"తమ్ముడికి చెప్పాను."